ఒక స్వచ్ఛంద సంస్థ వెబ్‌సైట్‌ను సర్దిన ఎనిమిది నెలలు

పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా) ప్రాంతంలో వలస కూలీల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు నడుపుతూ, చెరువుల పూడికతీత, చిరుధాన్యాల సాగు వంటి పనులు కూడా చేసే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థకు నేను కొన్నేళ్లుగా తోచినంత విరాళం పంపుతూ ఉన్నాను. గ్రంథాలయ శాస్త్రం చదువుకుని, హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి వాడుక సూచనలు రాసిపెట్టే ఉద్యోగంలో స్థిరపడిన నాకు, ఆ సంస్థ వెబ్‌సైట్ చూసినప్పుడల్లా పుస్తకాలన్నీ నేల మీద కుప్పపోసిన గది గుర్తుకు వచ్చేది. ఒకసారి ఆ మాట సంస్థ వ్యవస్థాపకులతో అనేశాను. ఆయన బడిలో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవారు కావడంతో సంస్థలో అందరికీ 'సారు'. "అయితే నువ్వే వచ్చి సర్దిపెట్టు" అన్నారు. రెండు వారాంతాల్లో తేలిపోతుందని ఒప్పుకున్న ఆ పనికి ఎనిమిది నెలలు పట్టింది. అందులో కంప్యూటర్ ముందు కూర్చున్న కాలం చాలా తక్కువ.

ముందుగా ఆ సైటు ఎలా ఉండేదో చెప్పాలి. పన్నెండేళ్ల కాలంలో ముగ్గురు వలంటీర్లు ఒకరి తర్వాత ఒకరు వర్డ్‌ప్రెస్ అనే సైటు తయారీ సాఫ్ట్‌వేర్‌లో దాన్ని కట్టుకుంటూ వచ్చారు. ఒకరు వేసిన గది పక్కన మరొకరు వసారా దించినట్టు, ఎవరికి తోచిన చోట వారు పేజీలు చేర్చారు. పై మెనూలో 14 శీర్షికలు ఉండేవి. విద్యా విభాగం, సహజ వనరుల విభాగం, మహిళా విభాగం, వాటి తర్వాత నిధులిచ్చినవారు పెట్టిన ప్రాజెక్టు పేర్లు, చిట్టచివర 'ఇతరములు'. ఆ మెనూ చదివితే కార్యాలయంలో ఏ బల్ల దగ్గర ఎవరు కూర్చుంటారో తెలిసేది గానీ, ఊళ్లో ఏం జరుగుతోందో తెలిసేది కాదు. ఒకే హాస్టల్ గురించి నాలుగు చోట్ల రాసి ఉండేది, ఎందుకంటే భవనం ఒక దాత ఖర్చు, భోజనం మరొకరిది, సాయంకాలపు చదువు ఇంకొకరిది, ఆరోగ్య పరీక్షలు వేరొకరివి. నాలుగు పేజీల్లో పిల్లల సంఖ్య నాలుగు రకాలుగా ఉండేది. అందులో ఏదీ అబద్ధం కాదు. అవి నాలుగు వేర్వేరు సంవత్సరాల లెక్కలు. ఏ లెక్క ఏ సంవత్సరానిదో మాత్రం ఎవరూ రాయలేదు.

గ్రంథాలయంలోనైతే అల్మారాలు కొనకముందే ఉన్న పుస్తకాల పట్టీ రాసుకుంటారు. నేనూ ఒక ఎక్సెల్ షీటు తెరిచి, సైటులో ఉన్న 187 పేజీలకూ ఒక్కో వరుస కేటాయించాను. చిరునామా, శీర్షిక, రాసిన తేదీ, భాష, జత చేసిన ఫైళ్లు అనే ఐదు గడులు నింపడానికి రెండు ఆదివారాలు చాలాయి. ఆ తర్వాత మరో రెండు గడులు పెట్టాను: ఈ పేజీ కోసం వచ్చే మనిషి ఎవరు, ఈ పేజీని చూసుకునే మనిషి ఎవరు. ఈ రెండూ నింపడానికి రెండు నెలలు పట్టింది. ప్రతి పేజీకీ ఎవరో ఒకరి దగ్గర కూర్చుని అడగవలసి వచ్చింది. దాదాపు మూడో వంతు పేజీలకు రెండు గడులూ ఖాళీగానే మిగిలాయి. ఎప్పుడో ఒక సమావేశం జరిగిందని చెప్పే రెండు వాక్యాల వార్తలు, ఉద్యోగం మానేసి ఏళ్లు గడిచినవారి పరిచయాలు, ఒకే సంక్రాంతి శుభాకాంక్షలు మూడుసార్లు. వాటిని తీసేద్దామంటే అందరూ ఒప్పుకున్నారు గానీ, తీసేసే మీట నొక్కే ధైర్యం ఎవరికీ కలగలేదు. అందువల్ల మొత్తం సైటుకు ఒక నకలు తీసి హార్డ్ డిస్క్‌లో భద్రపరిచి, 'పోయినవి ఏవీ పోలేదు' అని నమ్మకం కుదిరాకే తొలగింపు మొదలుపెట్టాం.

సైటుకు ఎవరు ఎందుకు వస్తారో తెలుసుకోవడానికి సందర్శకుల గణాంకాలు చూపే ఉపకరణాలు ఉన్నాయి. అవి ఏ పేజీ తెరుచుకుందో చెబుతాయి. ఏది దొరక్క వెనక్కి పోయారో సరిగా చెప్పవు. మాకు ఎక్కువగా పనికొచ్చింది కార్యాలయంలో ఫోను ఎత్తే అకౌంటెంట్ మేడమ్ నోటు పుస్తకం. నెల రోజుల పాటు ఫోను చేసినవారు అడిగిన మొదటి మాటను ఉన్నది ఉన్నట్టు రాసిపెట్టమని ఆమెను కోరాను. అది దసరా ముందరి నెల కావడం మా అదృష్టం. ఆ పుస్తకంలో అన్నిటికంటే ఎక్కువసార్లు కనిపించిన వాక్యం ఇది: "మేడమ్, హాస్టల్ ఎప్పుడు తెరుస్తరు?" ఆ తర్వాత వచ్చినవి విరాళం రసీదు గురించిన ప్రశ్నలు, అమెరికా నుంచి డబ్బు పంపవచ్చా అన్న ప్రశ్నలు, కంపెనీల సామాజిక బాధ్యత విభాగాల నుంచి పత్రాల కోసం వచ్చిన అభ్యర్థనలు. ఈ నాలుగింటిలో ఒక్కదానికి కూడా మొదటి పేజీలో జవాబు లేదు. మొదటి పేజీలో ఉన్నవి కదిలే బొమ్మలు, సంస్థ ధ్యేయం, దార్శనికత.

మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన రంగనాథన్ గారు 1931లో ప్రతిపాదించిన గ్రంథాలయ సూత్రాలు ఐదింటిలో నాలుగోది పాఠకుడి కాలాన్ని ఆదా చేయమని చెబుతుంది. మేం చదువుకునేటప్పుడు పరీక్ష కోసం బట్టీపట్టిన ఆ వాక్యం, ఈ నోటు పుస్తకం తిరగేస్తున్నప్పుడు నాకు మళ్లీ తగిలింది. దసరా దాటాక పాలమూరు పల్లెల నుంచి బొంబాయి, పుణె బస్సులెక్కే కుటుంబాలకు, కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ చెప్పిన తేదీకీ హాస్టల్ తెరిచే తేదీకీ మధ్య నాలుగు రోజుల తేడా వస్తే, పిల్లవాణ్ణి ఎవరింట్లో దించాలన్నది తేలక తమతోనే తీసుకుపోతారు. ఆ ఏడాదికి వాడి చదువు అంతే. ఆ తల్లిదండ్రులు మా సైటు తెరవకపోవచ్చు. కానీ ఊళ్లో ఇంటర్ చదివే పిల్లో, అంగన్‌వాడీ టీచరో ఫోనులో చూసి చెబుతారు. ప్రభుత్వం కూడా సమగ్ర శిక్షా అనే బడి చదువుల పథకం కింద సీజనల్ హాస్టళ్లు నడుపుతుంది కాబట్టి, ఏది ఎవరిదో తెలియక ఒకదాని తేదీ చూసి మరొకదాని దగ్గరికి పోయినవారూ ఉన్నారు. హాస్టల్ పేజీలో తెరిచే తేదీ, ఊరు, వార్డెన్ ఫోను నంబరు, కావలసిన కాగితాలు అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాల్లో ఉండాలన్న నిర్ణయం దీని నుంచే వచ్చింది. మిగతా సైటంతా ఈ పేజీ చుట్టూ అల్లుకున్నదే.

మెనూ ఎలా ఉండాలో తేల్చడానికి, సమాచార నిర్మాణం (సైటులో ఏది ఎక్కడ ఉండాలో తీర్చిదిద్దే పని) చేసేవారు వాడే ఒక పాత పద్ధతిని ఆశ్రయించాను. సైటులో ఉండవలసిన విషయాలను ఒక్కోటి ఒక్కో చీటీ మీద రాసి, వాటిని వాడేవారి ముందు పరిచి, మీకు తోచినట్టు జట్లు కట్టి పేర్లు పెట్టండని అడగడమే ఆ పద్ధతి. 60 చీటీలు రాసుకుని, క్షేత్రస్థాయి కార్యకర్తలు నెలసరి సమావేశానికి వచ్చిన రోజున చాప మీద పరిచాను. వారు విద్య, ఆరోగ్యం, వ్యవసాయం అని విడదీస్తారని నేను ముందే ఊహించుకుని పోయాను. పదిహేనేళ్లుగా ఊళ్లు తిరుగుతున్న ఒక అక్క కాసేపు చీటీలు చూసి, మూడు కుప్పలు చేసి, వాటికి 'పోకముందు', 'పోయినంక', 'వచ్చినంక' అని పేర్లు పెట్టింది. మొదటి కుప్పలో హాస్టల్‌లో చేర్పించడం, ఉపాధి హామీ పని అడగడం, వేరే రాష్ట్రంలో కూడా రేషన్ తీసుకునే వీలు, మేస్త్రీ దగ్గర తీసుకునే అడ్వాన్సు లెక్క రాయించుకోవడం. రెండో కుప్పలో హాస్టల్ భోజనం, చదువు, ఇంటి దగ్గర మిగిలిన ముసలివాళ్లు, కూలి ఎగ్గొడితే ఎవరికి చెప్పాలన్నది. మూడో దాంట్లో చెరువు పని, విత్తనాలు, పిల్లలు మళ్లీ ఊరి బడిలో చేరడం. సంస్థ చేసే పనులన్నీ ఒక కుటుంబం ఏడాదిలో తిరిగే తిరుగుడు వెంట ఎలా వస్తాయో ఆ చాప మీద కనిపించినంత స్పష్టంగా ఏ వార్షిక నివేదికలోనూ నేను చూడలేదు.

ఆ మూడు మాటలనే మెనూ చేసేద్దామన్న ఉత్సాహం నాకు కలిగిన మాట నిజం. కానీ అవే చీటీలను హైదరాబాద్‌లో ఇద్దరు దాతల ముందు, ఒక కంపెనీ అధికారి ముందు పరిచినప్పుడు వారికి ఆ మాటలు అర్థం కాలేదు. ఎక్కడికి పోకముందు అని అడిగారు. 'ఊరివారికి', 'దాతలకు' అని రెండు తలుపులు పెడితే ఎలా ఉంటుందని కొన్నాళ్లు ఆలోచించాం. అదీ నిలవలేదు, ఎందుకంటే ఊళ్లో పుట్టి డల్లాస్‌లో స్థిరపడి హాస్టల్‌కు బియ్యం ఇస్తున్న మనిషి రెండు తలుపుల దగ్గరా ఆగిపోతాడు. చివరికి పేర్లు మనుషులకు కాకుండా వస్తువులకు పెట్టాం. హాస్టళ్లు, ఊళ్లు, పనులు, పత్రాలు, విరాళం, చిరునామా అనే ఆరు మాటలు మెనూలో మిగిలాయి. అక్క చేసిన మూడు కుప్పలు 'పనులు' పేజీ లోపల, ఆమె మాటల్లోనే ఉన్నాయి. 'మా గురించి' అన్నది పేజీ అడుగుకు దిగింది. దాని మీద సారు రెండు వారాలు నాతో ముభావంగా ఉన్నారు.

మాటల గురించి ఇక్కడే చెప్పేయాలి. నిధుల కోసం రాసే ఇంగ్లిష్ దరఖాస్తులను తెలుగు చేసి సైటులో పెట్టడం వల్ల, జోక్యాలు, లబ్ధిదారులు, సామర్థ్యాల పెంపుదల, సమీకృత విధానం వంటి మాటలు ప్రతి పేరాలోనూ కూర్చుని ఉండేవి. 'నీటి వనరుల పునరుద్ధరణ జోక్యం' అంటే చెరువులో పూడిక తీశారని అర్థం. ఆ మాట పెట్టి వెతికేవారు ఎవరూ ఉండరు. మేం చేసిన దిద్దుబాట్లలో ఎక్కువ భాగం ఇలాంటి వాక్యంలో ఎవరు, ఏం, ఎక్కడ, ఎప్పుడు చేశారో తవ్వి పైకి తీయడమే. కొన్నిచోట్ల తవ్వితే కింద ఏమీ తగలలేదు. ఆ వాక్యాలు కొట్టేశాం.

అన్నిటికంటే ఎక్కువ తల పట్టుకునేలా చేసింది జిల్లాల వ్యవహారం. పాత సైటులో వార్తలన్నీ 'మహబూబ్‌నగర్ జిల్లా' అనే ఒకే శీర్షిక కింద, మండలాల వారీగా ఉండేవి. 2016 అక్టోబర్ 11న తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయినప్పుడు ఆ ఒక్క జిల్లా నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోయాయి. కొడంగల్ వైపు మండలాలు వికారాబాద్‌లోకి, షాద్‌నగర్ వైపువి రంగారెడ్డిలోకి పోయాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా వేరే జిల్లా అయింది. 2013లో రాసిన వార్తలో 'మహబూబ్‌నగర్ జిల్లా' అని ఉంటే అది అప్పటికి నిజమే. ఇప్పుడు నారాయణపేట జిల్లా కలెక్టరేట్ నుంచి ఒక అధికారి మీరు మా జిల్లాలో ఏం చేశారని వెతికితే మాత్రం ఆయనకు ఏమీ కనిపించదు. పాత వార్తల్లో జిల్లా పేరు మార్చేద్దామని ఒక వలంటీరు అన్నారు. 2013లో లేని జిల్లాను 2013 నాటి వార్తలో ఎలా రాస్తామని నేను అభ్యంతరం చెప్పాను. రాత జోలికి పోకుండా, ప్రతి వార్తకూ ఊరి పేరును విడిగా జత చేసి, ఆ ఊరు ప్రస్తుతం ఏ మండలంలో, ఏ జిల్లాలో ఉందో ఊరి పేజీలో ఒక్కచోట మాత్రమే నమోదు చేయడం పరిష్కారమైంది. రేపు మళ్లీ సరిహద్దులు మారితే ఆ ఒక్కచోట దిద్దితే చాలు. జిల్లాలు మారుతుంటాయి, ప్రాజెక్టులు మూడేళ్లకు ముగుస్తాయి, దాతలు మారతారు. ఊరు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

గ్రంథాలయ శాస్త్రం చదివినవారికి ఇది కొత్త విషయం కాదు. ఒక పుస్తకాన్ని ఒకే అరలో పెట్టాలి కాబట్టి దాన్ని ఒకే కోణం నుంచి చూడవలసి వస్తోందన్న ఇబ్బందిని దాటడానికే, 1933లో వచ్చిన, రంగనాథన్ గారిదే అయిన కోలన్ వర్గీకరణ అనే పుస్తకాల విభజన పద్ధతిలో విషయాన్ని విడివిడి ముఖాలుగా విడదీసి చూసే పద్ధతి ఉంది; స్థలం, కాలం ఆ ముఖాల్లో రెండు. వెబ్‌సైట్‌లో అర అనేదే లేదు కాబట్టి ఈ పద్ధతి పుస్తకాల కంటే ఇక్కడే ఎక్కువ సుఖంగా ఇముడుతుంది. మా ప్రతి వార్తకూ ఊరు, పని, సంవత్సరం అనే మూడు గుర్తులు తప్పనిసరి చేశాం. వర్డ్‌ప్రెస్‌లో ట్యాగులు ఎవరికి తోచినట్టు వారు పెట్టుకునే వీలుండటం వల్ల పాత సైటులో 300కు పైగా ట్యాగులు పోగయ్యాయి, వాటిలో సగం ఒక్కోసారే వాడినవి. ఇప్పుడు ఆ మూడు జాబితాలకు బయట ట్యాగు పెట్టే వీలు లేదు. ఈ కట్టుబాటు ఇబ్బందిగా ఉందని ఇప్పటికీ ఫిర్యాదులు వస్తూనే ఉన్నాయి.

విరాళం పేజీలో సమస్య వేరు. అక్కడ ఒక బ్యాంకు ఖాతా నంబరు, ఒక క్యూఆర్ కోడ్, 'మీ ఉదారతకు ధన్యవాదాలు' అన్న వాక్యం తప్ప ఏమీ లేవు. విదేశాల్లోని తెలుగువారి నుంచి వచ్చే డబ్బు ఈ సంస్థకు పెద్ద ఆధారం. వారిలో రెండు రకాలవారు ఉన్నారన్న సంగతి ఆ పేజీ ఎక్కడా చెప్పదు. భారత పౌరసత్వం ఉంచుకుని విదేశంలో ఉద్యోగం చేస్తున్నవారు తమ సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపే డబ్బు, 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద విదేశీ విరాళం కాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు పంపేది, వారి దగ్గర ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళమే. అలాంటి డబ్బును ఆ చట్టం కింద నమోదైన లేదా ముందస్తు అనుమతి పొందిన సంస్థ మాత్రమే తీసుకోవాలి. 2020 సవరణ తర్వాత అది స్టేట్ బ్యాంక్ న్యూఢిల్లీ ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాలోకే ముందుగా చేరాలి. ఒకే ఖాతా నంబరు అందరికీ చూపడం వల్ల, సదుద్దేశంతో పంపిన డబ్బును తిప్పి పంపవలసి వచ్చిన సందర్భాలు ఉన్నాయని అకౌంటెంట్ మేడమ్ చెప్పినప్పుడు, ఇది సర్దుబాటు విషయం మాత్రమే కాదని అర్థమైంది. ఇప్పుడు ఆ పేజీలో ఖాతా నంబరు ముందుగా కనిపించదు. మీ పాస్‌పోర్టు ఏ దేశానిది అన్న ప్రశ్న ముందు వస్తుంది; జవాబును బట్టి ఖాతా వస్తుంది.

స్వదేశంలోని దాతలకు కావలసింది పన్ను మినహాయింపు పత్రం. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 80జీ కింద 2,000 రూపాయలకు మించిన నగదు విరాళానికి మినహాయింపు రాదు. సంస్థ తన దాతల వివరాలను పన్ను శాఖకు సమర్పించి, ఆర్థిక సంవత్సరం ముగిశాక మే 31లోగా ధ్రువపత్రం ఇవ్వాలి. దానికి దాత పాన్ నంబరు ముందుగానే తీసుకోవాలి. ఇవన్నీ డబ్బు పంపకముందు తెలియవలసిన విషయాలు. మా పాత సైటులో ఇవి ఒక పీడీఎఫ్ మూడో పేజీలో ఉండేవి. పైగా అక్కడ పెట్టిన 80జీ పత్రం పాత పద్ధతిలో కాలపరిమితి లేకుండా ఇచ్చినది. 2021 ఏప్రిల్ నుంచి అలాంటి నమోదులన్నీ మళ్లీ చేయించుకుని, ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవలసి వచ్చిందన్న సంగతి ఆ పేజీకి తెలియదు. ఇంతలో 1961 చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా 2025 చట్టం వచ్చి సెక్షన్ల సంఖ్యలే మారిపోయాయి. మేం షీటులో లెక్క చూస్తే, '80జీ' అన్న మాట 23 పేజీల్లో చెదిరి ఉంది. దాన్ని ఒకే పేజీలోకి తెచ్చి, మిగతా చోట్ల 'పన్ను మినహాయింపు వివరాలు' అన్న లింకు మాత్రం ఉంచాం.

పత్రాల పేజీ దాదాపు పూర్తిగా కంపెనీల అధికారుల కోసం. కంపెనీల చట్టం 2013లోని సెక్షన్ 135 కింద నిధులివ్వాలంటే వారు సంస్థ సీఎస్‌ఆర్-1 (కంపెనీల సామాజిక బాధ్యత నిధులు తీసుకోవడానికి చేయించుకునే) నమోదు సంఖ్య, స్వచ్ఛంద సంస్థల ప్రభుత్వ పోర్టల్ అయిన దర్పణ్ గుర్తింపు సంఖ్య, సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపునిచ్చే 12ఏ నమోదు, 80జీ, మూడేళ్ల ఆడిట్ లెక్కలు అడుగుతారు. విదేశీ విరాళాల ఆడిట్ లెక్కలను ఆర్థిక సంవత్సరం ముగిసిన తొమ్మిది నెలల్లోగా సంస్థ తన వెబ్‌సైట్‌లోనో, ప్రభుత్వం సూచించిన వెబ్‌సైట్‌లోనో పెట్టాలన్న నిబంధన ఎలాగూ ఉంది. ప్రతి పత్రం పక్కన అది ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుందో, ఫైలు ఎంత పెద్దదో రాశాం. ఇందులో ఒక సరదా సంగతి ఉంది. సంస్థ నమోదు పత్రం మీద '1350' అని ఉండటం చూసి, అది అచ్చు తప్పేమోనని ఒక అధికారి ఫోను చేశారట. 2001లో కొత్త సొసైటీల నమోదు చట్టం రాకముందు తెలంగాణ జిల్లాల్లో సొసైటీలు నమోదైంది నిజాం కాలపు చట్టం కింద. దాని సంవత్సరం నిజాం రాజ్యంలో వాడిన ఫసలీ కాలమానం ప్రకారం 1350, దానికి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. ఆ ఒక్క వాక్యాన్ని పత్రం కింద చేర్చాక మళ్లీ అలాంటి ఫోను రాలేదు.

ఫొటోల దగ్గర గట్టి వాదనే జరిగింది. మొదటి పేజీలో ఏళ్ల తరబడి ఒక పాప బొమ్మ ఉండేది. పేరు, ఊరు, తరగతి, తండ్రి ఎక్కడ పని చేస్తాడన్నది కూడా కింద రాసి ఉండేది. ఆ బొమ్మ చూసే దాతలు కరిగారని సారు నమ్మకం. 2015 నాటి బాలల న్యాయ చట్టం సెక్షన్ 74, సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, చిరునామా, బడి, గుర్తుపట్టడానికి వీలిచ్చే మరే వివరమైనా బయటపెట్టడాన్ని నిషేధిస్తుంది. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ ఉండవచ్చు. మన హాస్టల్ పిల్లలకు తల్లిదండ్రులు ఉన్నారు కాబట్టి వారు ఆ నిర్వచనం కిందికి రారని ఒకరు వాదించారు. అది వకీళ్లు తేల్చవలసిన మాట. నేను అడిగింది వేరు: ఆ పాపకు ఇప్పుడు ఎన్నేళ్లు? లెక్క వేస్తే 19 వచ్చింది. తన పేరు పెట్టి వెతికితే మొదట వచ్చేది ఈ బొమ్మేనని ఆమెకు తెలుసా అని అడిగాను. సారు ఏమీ అనలేదు. మర్నాడు ఫోను చేసి తీసేయమన్నారు. ఇప్పుడు సైటులో పిల్లల పేర్లు లేవు. ఫొటోల్లో చేతులు, పలకలు, పళ్లాలు, దూరం నుంచి తీసిన వరుసలు ఉన్నాయి. తల్లిదండ్రుల సంతకంతో అనుమతి పత్రం లేని ఫొటో ఏదీ సైటులోకి ఎక్కదు. ఫొటో ఫైలులో కెమెరా దాచే స్థల వివరాలను కూడా ఎక్కించే ముందు చెరిపేస్తున్నాం.

ఇక తెలుగు అక్షరాలు పెట్టిన ఇబ్బందులు రాయాలంటే వేరే వ్యాసమే అవుతుంది. సంస్థ వెలువరించిన పాత వార్తా పత్రికలన్నీ అను ఖతుల్లో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు), పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో తయారైనవి. వాటిని యథాతథంగా సైటులో అతికించిన చోట చదవడానికి వీల్లేని గుర్తుల వరుసలు మిగిలాయి. మార్పిడి ఉపకరణంతో అన్ని ఫోన్లలో, కంప్యూటర్లలో చదవగలిగే యూనికోడ్‌లోకి తెచ్చినా వత్తులు చెదిరిన చోట్ల మళ్లీ చేతితో దిద్దవలసి వచ్చింది. స్కాన్ చేసి పెట్టిన నివేదికలు బొమ్మలే కాబట్టి వెతుకులాటకు దొరకవు, చూపు లేనివారు వాడే చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అందవు. వాటిలో ముఖ్యమైన మూడింటిని మళ్లీ టైపు చేయించాం. సైటు పేజీలకు తెలుగులో చిరునామాలు పెట్టుకోవచ్చు గానీ, వాట్సాప్‌లో పంపేటప్పుడు తరచుగా అక్షరంలోని ఒక్కో భాగం తొమ్మిది గుర్తులుగా విచ్చుకుని, లింకు పాము పుట్టలా కనిపిస్తుంది. అందువల్ల చిరునామాలకు చిన్న ఇంగ్లిష్ మాటలే వాడాం. వరుసల మధ్య జాగా ఇంగ్లిష్‌కు సరిపోయినంత ఇస్తే పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి, అది పెంచాం. ఊరి పేర్లలో 'మహబూబ్‌నగర్', 'మహబూబ్ నగర్' అన్నవి మన కంటికి ఒకటే గానీ వెతుకులాట పెట్టెకు రెండు వేర్వేరు మాటలు. ప్రతి ఊరికీ జనం రాసే రూపాలన్నీ పోగుచేసి ఊరి పేజీలో దాచిపెట్టడం నేను సరదాగా చేసిన పని.

రెండు భాషల్లోనూ అన్ని పేజీలూ ఉండాలన్న పట్టుదల వదిలేశాం. హాస్టల్ పేజీలు ముందు తెలుగులో, పత్రాలు ముందు ఇంగ్లిష్‌లో. భాష మార్చే మీట నొక్కితే అదే పేజీ రెండో భాషలో రావాలి, అది లేకపోతే లేదని చెప్పాలి. మొదటి పేజీకి విసిరేయకూడదు.

పాత చిరునామాలన్నిటినీ కొత్తవాటికి శాశ్వతంగా మళ్లించే పట్టీ రాయడం విసుగు పుట్టించే పని, అయినా తప్పదు. కరపత్రాల మీద, పాత ఉత్తరాల మీద అచ్చయిన లింకులతో పాటు, ఒక హాస్టల్ గోడ మీద పెయింటుతో రాసిన పూర్తి చిరునామా కూడా ఉందని చివరి వారంలో తెలిసింది. గోడకు సున్నం వేయించడం కంటే మళ్లింపు రాయడం తేలిక కాబట్టి, ఆ పొడవాటి పాత చిరునామా ఇప్పటికీ పని చేస్తోంది.

ప్రతి పేజీ అడుగున దాన్ని చూసుకునే మనిషి హోదా, చివరిసారి సరిచూసిన తేదీ ఉంటాయి. హాస్టల్ తేదీలు వార్డెన్ల బాధ్యత, పత్రాలు అకౌంటెంట్ మేడమ్‌వి, ఊరి పేజీలు ఆయా కార్యకర్తలవి. వారికి వర్డ్‌ప్రెస్ నేర్పడానికి నేను తయారు చేసిన 30 పేజీల సూచనల పుస్తకాన్ని ఎవరూ చదవలేదు. ఇలాంటివి రాయడమే నా ఉద్యోగం కాబట్టి కాస్త చురుక్కుమంది. తేదీ మార్చడం ఎలాగో ఒక కార్యకర్త తన ఫోనులో నిమిషంన్నర వీడియో తీసి గ్రూపులో పెట్టాడు. అందరూ దాన్నే వాడుతున్నారు.

ఆరు మాటల మెనూ కింద ఎక్కడా ఇమడని పేజీలు ఇంకా 11 మిగిలాయి. వాటిలో ఒకటి 2009 కృష్ణా, తుంగభద్ర వరదల్లో సంస్థ చేసిన సాయం గురించినది. అది హాస్టల్ కాదు, మా 'పనులు' మూడు కుప్పల్లో దేనిలోనూ లేదు, ఆ ఊళ్లలో ఇప్పుడు సంస్థ పని చేయడం లేదు. తీసేద్దామంటే అక్క ఒప్పుకోలేదు. తుంగభద్ర ఒడ్డున ఆ పది రోజులు తనతో ఉన్న ముగ్గురు ఇప్పుడు లేరని చెప్పింది. 'ఇతరములు' అన్న మాటను మెనూలోకి మళ్లీ రానివ్వనని అందరి ముందూ అన్నాను కాబట్టి, ఆ పేజీ ప్రస్తుతం మెనూకు అందకుండా, వెతికితే మాత్రం దొరికేలా ఉంది.